కోన్వా జేఎస్ రివ్యూ: డబ్బా కదిపితే బాణం కూడా కదలాలంటే

వెబ్ పేజీలో కొన్ని డబ్బాలు ఉండాలి, వాటిని మౌస్‌తోనో వేలితోనో ఎటు కావాలంటే అటు లాగగలగాలి, ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి వెళ్లే బాణం కూడా దాంతోపాటే రావాలి. నాకు కావాల్సింది అంతే. దీనికి కోన్వా జేఎస్ అనే లైబ్రరీ (మన పేజీలో కలుపుకోడానికి వేరేవాళ్లు రాసిపెట్టిన జావాస్క్రిప్ట్ కోడ్) వాడాను, ముందే చెప్పేస్తున్నా, నాకు చాలా నచ్చింది, ఎవరైనా అడిగితే ధైర్యంగా ఇదే వాడమంటాను. కాకపోతే ఒక్కటి తెలుసుకుని దిగండి: రెండు డబ్బాల్ని గీతతో కలిపి ఉంచే పని కోన్వా దానంతటది చెయ్యదు. వాళ్ల డాక్యుమెంటేషన్‌లో కూడా ఈ సంగతి దాచకుండా చెప్పి, మనమే గీతని అప్‌డేట్ చేసుకోవాలని ఒక చిన్న డెమో ఇచ్చారు. ఆ ఒక్క పని మనం రాసుకుంటే మిగతాదంతా హాయి.

మాది శ్రీకాకుళం, చిన్న చిన్న వెబ్‌సైట్లు చేస్తుంటాను. కాశీబుగ్గ వైపు ఒక జీడిపప్పు యూనిట్ వాళ్లు సైట్ చేయమన్నారు, అందులో పిక్క (పెంకుతో ఉన్న జీడిగింజ) షెడ్డులోకి వచ్చిన దగ్గర్నుంచి పప్పు టిన్నులోకి ఎక్కేదాకా ఏ పని తర్వాత ఏ పనో బొమ్మలాగా చూపించాలి, కొనేవాళ్లు ఏ డబ్బా మీద నొక్కితే ఆ పని ఫోటో రావాలి, ఆఫీసులో వాళ్లు మాత్రం డబ్బాల్ని షెడ్డులో ఉన్న వరసకి తగ్గట్టు జరుపుకోవాలి. ఎండబెట్టడం, బాయిలర్ ఆవిరిలో ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కటింగ్, బోర్మా (పొట్టు ఊడేలా పప్పుని వేడిలో ఎండించడం), పొట్టు తీయడం, గ్రేడింగ్, ప్యాకింగ్. వరసగా చదివితే సింపుల్‌గానే ఉంటుంది గానీ కటింగ్ దగ్గర పెంకు విడిపోయి జీడి నూనె తీసేవాళ్ల వైపు పోతుంది, గ్రేడింగ్ దగ్గర గుండు (విరగని పప్పు), బద్ద (రెండుగా చీలిన పప్పు), ముక్క అని చీలుతుంది, గుండులో మళ్లీ 180, 210, 240, 320 అని సైజులు, ఆ నంబరు ఒక పౌనుకి సుమారుగా ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్తుంది. అంటే ఒక్క డబ్బా నుంచే బోలెడు బాణాలు బయటికి రావాలి.

ముందు రెడీమేడ్‌వి చూశాను. డ్రా డాట్ ఐఓ ఉంది, ఎక్స్‌కాలిడ్రా ఉంది, రెండూ ఫ్రీ, రెండిట్లోనూ బాణాన్ని డబ్బాకి అతికిస్తే డబ్బా ఎటు పోతే బాణం అటు వస్తుంది. బొమ్మ ఒకటి గీసుకుని ప్రింట్ తీసుకుంటే చాలు అనుకునేవాళ్లు అక్కడే ఆగిపోండి, కోడ్ జోలికి రానక్కర్లేదు, నిజంగా చెప్తున్నా. నాకు మాత్రం అది మా సైట్‌లో, మా రంగుల్లో, మా ఫోటోలతో ఉండాలి, పక్కన వాళ్ల టూల్‌బార్లు కనిపించకూడదు, అందుకే లైబ్రరీ వైపు వచ్చాను.

కాన్వాస్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, ఇది అర్థమైతేనే గీతల గొడవ అర్థమవుతుంది. బ్రౌజర్లో కాన్వాస్ అనేది 2004లో యాపిల్ వాళ్లు తెచ్చింది, తర్వాత అన్ని బ్రౌజర్లలోకీ వచ్చింది. అది వాకిట్లో వేసిన ముగ్గు లాంటిది, వేసేశాక అక్కడ మిగిలేది పిండే, ఈ చుక్కని కొంచెం పక్కకి జరుపుదాం అంటే కుదరదు, తుడిచి మళ్లీ వెయ్యాల్సిందే. మనం ఒక డబ్బా గీస్తే కాన్వాస్‌కి రంగు పిక్సెళ్లు మాత్రమే మిగులుతాయి, అక్కడో డబ్బా ఉందన్న జ్ఞాపకం దానికి ఉండదు. ఆ జ్ఞాపకాన్ని కోన్వా ఉంచుకుంటుంది. స్టేజ్ అని ఒకటి, దాని లోపల లేయర్లు, లేయర్లో గ్రూపులు, గ్రూపులో షేపులు, అలా ఒక చెట్టులాగా అన్నీ గుర్తుపెట్టుకుని, మనం ఏదైనా మార్చగానే తనే తుడిచి తనే గీస్తుంది. డబ్బాకి డ్రాగబుల్ అని ఒక్క మాట రాస్తే చాలు, లాగడం మొదలైపోద్ది. ఎరిక్ రోవెల్ రాసిన కైనెటిక్ జేఎస్ అని పాతది ఒకటి ఉండేది, దాన్ని ఆయన ఆపేశాక అంతోన్ లావ్రెనోవ్ అనే ఆయన కోన్వా పేరుతో ముందుకి తీసుకెళ్తున్నారు, ఎంఐటీ లైసెన్స్ కాబట్టి డబ్బులు తీసుకుని చేసే పనికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది, మనం నొక్కింది ఏ డబ్బా మీదో అది పట్టుకునే పద్ధతి. ప్రతి లేయర్‌కీ వెనకాల కనిపించని ఇంకో కాన్వాస్ ఉంటుంది, అందులో ఒక్కో షేప్‌ని ఒక్కో వేరే రంగుతో నింపుతుంది, ఏ రెండిటికీ ఒకే రంగు ఉండదు, మనం వేలు పెట్టిన చోట ఆ దాచిన కాన్వాస్‌లో ఏ రంగు ఉందో చదివి ఫలానా షేప్ అని చెప్పేస్తుంది. వంకర టింకర ఆకారమైనా, ఒకదాని మీద ఒకటి ఎక్కినా లెక్కలు అక్కర్లేదు. ఎవరికి తట్టిందో గానీ భలే ఆలోచన.

ఇప్పుడు అసలు సంగతి, గీతలు. కోన్వాలో గీత అంటే పాయింట్స్ అని ఒక అంకెల వరస, మొదలు ఎక్కడ, చివర ఎక్కడ, అంతే. ఆ అంకెలకి డబ్బాతో ఏ సంబంధమూ లేదు. సంబంధం మనం వేరేగా రాసుకోవాలి, ప్రతి బాణానికీ ఏ డబ్బా నుంచి, ఏ డబ్బాకి అని రెండు పేర్లు. నా లెక్కలో ఈ రెండు పేర్లే అసలు గీత, తెర మీద కనిపించేది అప్పటికప్పుడు వేసుకునే లెక్క. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే కోడ్ ఎంత శుభ్రంగా వస్తుందంటే, డ్రాగ్‌మూవ్ అనే ఈవెంట్ డబ్బా కదులుతున్నంతసేపూ వస్తూనే ఉంటుంది కదా, అది వచ్చినప్పుడల్లా ఆ డబ్బా పేరు ఉన్న బాణాలు తీసి, పాయింట్స్ మళ్లీ లెక్కేసి ఇచ్చేయడమే. సేవ్ చేసేటప్పుడు కూడా డబ్బాల చోట్లూ ఈ పేర్ల జతలూ దాచుకుంటే చాలు, గీత అంకెలు దాచనక్కర్లేదు, తెరిచినప్పుడు మళ్లీ పుట్టుకొస్తాయి. ఇరవై ముప్పై డబ్బాలకైతే అన్ని బాణాలూ ప్రతిసారీ లెక్కేసినా ఏమీ తేడా తెలియదు, వందల్లోకి వెళ్తే మాత్రం ఏ డబ్బాకి ఏ బాణాలో ముందే జాబితా కట్టుకోండి.

గీతని డబ్బా మధ్య నుంచి ఇంకో డబ్బా మధ్యకి వేస్తే లెక్క తేలికే గానీ బాణం మొన డబ్బా కిందకి దూరిపోయి కనపడదు. మొన అంచు దగ్గర ఆగాలి. గుండ్రటి ఆకారాలైతే కోణం కనుక్కుని వ్యాసార్ధం అంత వెనక్కి జరిగితే సరిపోతుంది, వాళ్ల డెమోలో ఉన్నదీ అదే. మనవి పలకల్లాంటి డబ్బాలు కాబట్టి ఆ లెక్క నప్పదు, దీనికి వేరే దారి ఉంది. ఒక డబ్బా నడిమి నుంచి ఇంకో డబ్బా నడిమికి అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం చూడండి. మీ డబ్బా వెడల్పులో సగాన్ని అడ్డం దూరంతో భాగించండి, ఎత్తులో సగాన్ని నిలువు దూరంతో భాగించండి, వచ్చిన రెండిట్లో చిన్నది తీసుకుని రెండు దూరాల్నీ దాంతో గుణిస్తే అంచు మీద పాయింట్ వచ్చేస్తుంది. ఉదాహరణకి డబ్బా 160 వెడల్పు, 60 ఎత్తు అనుకోండి, అవతలి డబ్బా అడ్డంగా 200, నిలువుగా 60 దూరంలో ఉంది, 80ని 200తో భాగిస్తే 0.4, 30ని 60తో భాగిస్తే 0.5, చిన్నది 0.4 కాబట్టి మధ్య నుంచి అడ్డంగా 80, నిలువుగా 24 జరిగితే అంచు. అవతలి డబ్బాకీ ఇదే లెక్క తిరగేసి చెయ్యాలి. రెండు వైపుల నుంచి వచ్చిన ఈ చిన్న అంకెలు కలిపితే 1 దాటిందంటే డబ్బాలు ఒకదానికొకటి తగిలిపోయినట్టే, బాణానికి చోటు లేదు, అప్పుడు దాన్ని కనపడకుండా చేసేయండి, లేకపోతే మొన వెనక్కి తిరిగి వింతగా కనిపిస్తుంది.

డబ్బాకి నీడ పెడితే ఇంకో చిన్న తంటా. డబ్బా కొలతలు కోన్వానే అడుగుదామని గెట్‌క్లయింట్‌రెక్ట్ వాడితే అది నీడనీ అంచు గీతనీ కూడా కలిపి చెప్తుంది, దాంతో మొన డబ్బాకి తగలకుండా గాల్లో ఆగినట్టుంటుంది, నీడ వదిలేసి చెప్పమని ఆప్షన్ ఉంది, అది పెట్టుకోవాలి. జూమ్ పెట్టేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి, ఆ కొలత మామూలుగా తెర లెక్కలో వస్తుంది, లేయర్ లెక్కలో కావాలంటే రిలేటివ్‌టు అని ఆ లేయర్నే ఇవ్వాలి, ఇవ్వకపోతే జూమ్ చేసిన కొద్దీ బాణాలు డబ్బాల్ని వదిలేసి దూరంగా పోతాయి.

గీతలకి విడిగా ఒక లేయర్ పెట్టి డబ్బాల లేయర్ కింద ఉంచితే చూడ్డానికి బాగుంటుంది. గీతకి మాత్రం ఎప్పుడూ డ్రాగబుల్ పెట్టొద్దు, ఎందుకంటే గీత పాయింట్లు గీత ఉన్న చోటు నుంచి లెక్క, గీతే జరిగితే పాయింట్లు సరిగ్గా ఉన్నా తెర మీద తప్పు చోట కనిపిస్తుంది.

యూనిట్లో పొట్టు తీసే దగ్గర కూర్చునే ఒక అమ్మని పని వరస అడుగుతుంటే ఆవిడ చెప్పిన మాట, "పొట్టు ఊడనివి మళ్లీ బోర్మాకే ఎల్తాయి కదా బాబూ, దానికీ గీత ఎయ్యాలి మరి". బొమ్మలో అన్నిటికంటే విలువైన బాణం అదే నన్నడిగితే, పని నిజంగా ఎలా నడుస్తుందో తెలిసేది అక్కడే. కానీ బోర్మా నుంచి పొట్టుకి ఒక బాణం, పొట్టు నుంచి బోర్మాకి ఇంకో బాణం, రెండిటికీ ఒకే లెక్క కాబట్టి రెండూ ఒకదాని మీద ఒకటి పడి రెండు వైపులా మొనలున్న ఒక్క గీతలాగా కనిపిస్తాయి. దీనికి కోన్వాలో బెజియే అని ఉంది, మొదలు, చివర కాకుండా మధ్యలో ఇంకో రెండు పాయింట్లు ఇస్తే గీత వంగుతుంది. వెనక్కి వెళ్లే బాణాన్ని కొంచెం వంచి, రంగు మార్చి పెడితే చూసినవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. సావుకారు గారు అది చూసి "ఇప్పుడు మా షెడ్డులాగుంది" అన్నారు.

చూసేవాళ్లు కొత్త బాణం వాళ్లే వేసుకునేలా పెట్టాలంటే డబ్బా అంచున చిన్న చుక్క పెట్టి, అక్కడి నుంచి లాగితే తాత్కాలికంగా ఒక గీత వేలి వెంట రావాలి, వదిలినప్పుడు కింద ఏ డబ్బా ఉందో గెట్‌ఇంటర్‌సెక్షన్‌తో అడగాలి. ఆ తాత్కాలిక గీతకి లిజనింగ్ (వేలికి, మౌస్‌కి స్పందించడం) ఆపేయడం మర్చిపోవద్దు, వేలి కింద ముందు ఉండేది ఆ గీతే కాబట్టి అడిగితే డబ్బా బదులు గీత పేరు చెప్తుంది. చుక్క లాగుతుంటే డబ్బా కూడా కదిలిపోకుండా ఈవెంట్‌ని పైకి పోకుండా అక్కడే ఆపాలి. పాత బాణాన్ని నొక్కి తీసేసే సౌకర్యం పెడితే మాత్రం హిట్‌స్ట్రోక్‌విడ్త్ అని ఉంది చూడండి, కంటికి సన్నగా ఉన్న గీతని వేలికి లావుగా చేస్తుంది, ఇది లేకపోతే ఫోన్లో రెండు పిక్సెళ్ల గీత మీద వేలు పెట్టడం ఎవరివల్లా కాదు.

తెలుగు ఎలా వస్తుందని చాలామందికి అనుమానం ఉంటుంది. బాగా వస్తుంది. అక్షరాలు గీసేది చివరికి బ్రౌజరే కాబట్టి ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చుంటాయి. నేను గూగుల్ ఫాంట్స్‌లో దొరికే గిడుగు ఫాంట్ పెట్టాను, మన పర్వతాలపేటలో పుట్టి జనం మాట్లాడే తెలుగు కోసం అంత పోరాడిన మనిషి పేరు మీద ఉన్న ఫాంట్‌లో పిక్కలు, బోర్మా, బద్ద అని షెడ్డులో అనే మాటలే రాస్తుంటే నాకు చాలా సంతోషంగా అనిపించింది. కానీ ఒక జాగ్రత్త, ఫాంట్ నెట్ నుంచి దిగేలోపే కాన్వాస్ వేరే ఫాంట్‌తో రాసేస్తుంది, తర్వాత ఫాంట్ వచ్చినా కాన్వాస్‌కి ఆ కబురు తెలియదు. అక్షరాల వెడల్పుని బట్టి డబ్బా కొలత పెట్టుకుంటే ఆ కొలత తప్పు, దాన్నిబట్టి బాణం మొన కూడా తప్పు. ఫాంట్ వచ్చిందని నిర్ధారించుకున్నాకే బొమ్మ మొదలుపెట్టండి, బ్రౌజర్లో దానికి పద్ధతి ఉంది. లైన్‌హైట్ మామూలుగా 1 ఉంటుంది, ఇంగ్లీషుకి ఓకే, మనకి పై లైను ఒత్తులు కింది లైను గుడుల్ని తగులుతాయి, 1.4 పెడితే ఊపిరాడుతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ తెలుగుకి అసలు వాడకండి.

ఫోన్లో లాగడం బాగుంది, డబ్బా మీద వేలు పెడితే డబ్బా, ఖాళీ చోట పెడితే పేజీ కదులుతుంది. రెండు వేళ్లతో జూమ్ చేయడం మాత్రం దానంతటది రాదు, వాళ్ల డెమో చూసి రాసుకోవాలి. స్టేజ్ సైజు పిక్సెళ్లలో ఇచ్చేది కాబట్టి ఫోన్ అడ్డంగా తిప్పితే మనమే మళ్లీ సైజు మార్చాలి.

ఇక ప్రింటు. ఆఫీసు గోడకి ఫ్లెక్సీ వేయించాలన్నారు. పిక్సెల్‌రేషియో పెంచి బొమ్మగా తీస్తే అక్షరాలు పదునుగా వస్తాయి, ఇది కోన్వాలో నిజంగా మంచి సౌకర్యం. కాన్వాస్‌కి వెనక రంగు ఉండదు, జేపెగ్‌గా తీస్తే ఖాళీ అంతా నల్లగా వస్తుంది, అందుకని అడుగున తెల్లటి పెద్ద పలక ఒకటి పెట్టుకోవాలి. ఫోటోలు వేరే సైట్ నుంచి అనుమతి లేకుండా తెస్తే బొమ్మ దించుకోడానికి బ్రౌజర్ అసలు ఒప్పుకోదు, కాబట్టి అన్నీ మన సర్వర్లోనే ఉంచుకోండి.

నచ్చనివి కూడా చెప్పాలి. డబ్బా మీద డబుల్ క్లిక్ చేసి అక్కడికక్కడే పేరు మార్చడం లోపల లేదు, దాని మీద ఒక టైపింగ్ పెట్టె తేల్చి నాటకం ఆడాలి. కాన్వాస్‌లో రాసిన మాటలు గూగుల్‌కి కనపడవు, చూపు లేనివాళ్లు వాడే చదివే సాఫ్ట్‌వేర్‌కీ కనపడవు, ఇది నాకు నిజంగా బాధ, అందుకే బొమ్మ కింద అదే వరసని మామూలు అక్షరాల్లో కూడా పెట్టాను, మీరూ పెట్టండి. ఇంకా పెద్ద లోటు, బాణం దారిలో వేరే డబ్బా అడ్డమొస్తే పక్కనుంచి మలుపు తిరిగి వెళ్లే తెలివి కోన్వాకి లేదు, డబ్బా కింద నుంచి దూసుకుపోతుంది. మా బొమ్మలో చోటు ఉంది కాబట్టి డబ్బాలు సర్దుకుంటే సరిపోయింది. డబ్బాలు కిక్కిరిసి ఉండి గీతలన్నీ లంబంగా మలుపులు తిరగాలంటే జాయింట్ జేఎస్ చూడండి, అది ఎస్‌వీజీ (పిక్సెళ్లుగా కాకుండా ఆకారాలుగానే గుర్తుంచుకునే బొమ్మల పద్ధతి) మీద నడుస్తుంది, అడ్డాలు తప్పించుకుని దారి వెతికే రౌటర్లు దాంట్లోనే ఉన్నాయి, కొన్ని ఎక్కువ సౌకర్యాలకి డబ్బులు కట్టే వెర్షన్ వేరే ఉంది. రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే ఇంకో లైబ్రరీ) వచ్చినవాళ్లకైతే రియాక్ట్ ఫ్లో, అందులో డబ్బాలు మామూలు హెచ్‌టీఎంఎల్, గీతలు ఎస్‌వీజీ, కలపడం అంతా రెడీగా ఉంటుంది. ఫ్యాబ్రిక్ జేఎస్ కూడా కాన్వాస్‌దే, తెర మీదే అక్షరాలు మార్చుకోవడం దాంట్లో బాగుంటుంది, గీతలు కలపడం మాత్రం అక్కడా మన పనే.

నేను మాత్రం వచ్చే పనికి కూడా కోన్వానే తీసుకున్నాను. పొందూరు ఖాదీ పని వరస బొమ్మగా చెయ్యాలి, పత్తి నుంచి నూలు, నూలు నుంచి మగ్గం, మధ్యలో వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పని ఒకటి ఉంటుంది, ఆ డబ్బా నొక్కితే దవడ ఫోటో పెద్దగా తెరుచుకోవాలి. అంచు లెక్క, వంపు బాణం, ఫాంట్ కోసం ఆగడం, ఈ మూడూ ఉన్న కోడ్ ఇప్పుడు విడి ఫైలుగా పెట్టుకున్నాను, డబ్బాల పేర్లు మారిస్తే చాలు.